వంటగది గట్టుకు ఏ రాయి వేయించాలి? మారుతున్న పోకడల్లో ఎంపిక చేసుకునే పద్ధతి

తెలుగు ఇళ్లలో వంటగది గట్టు మీద పరిచే రాయి చూస్తుండగానే చాలా మారిపోయింది. నిలబడి వండుకునే గట్లు కట్టించుకోవడం మొదలైన రోజుల్లో చాలామంది కడప నల్లబండో, తాండూరు బండో వేయించుకునేవారు. పాలిష్ పట్టిన గ్రానైట్ అందుబాటులోకి వచ్చాక ఆ బండలు గట్టు కిందికి దిగి, అరలకు ఆధారంగా మిగిలాయి. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో హాలుకూ వంటగదికీ మధ్య గోడ లేకుండా పోయి, గట్టు కూడా వచ్చినవారి కంట పడే వస్తువైంది కాబట్టి తెల్లని క్వార్ట్జ్, నానో వైట్, పెద్ద పోర్సెలిన్ పలకలు ముందుకు వచ్చాయి. పోకడ మారడంలో తప్పేమీ లేదు. అయితే పసుపు, చింతపండు, నిమ్మకాయ, కాగే నూనె రోజూ తగిలే గట్టుకు రాయిని ఎంచుకునేటప్పుడు రంగు కంటే ముందు ఆ రాయి దేనితో తయారైందో తెలుసుకోవాలి.

కడప, తాండూరు, బేతంచెర్ల బండలు సున్నపురాయి జాతివి. పాలరాయి కూడా ఈ విషయంలో వాటికి చుట్టమే. వీటన్నిటిలో ఉండే కాల్షియం కార్బొనేట్ పులుపు తగిలితే కరుగుతుంది. కోసిన నిమ్మచెక్కను బోర్లించి మరిచిపోతే, తుడిచాక కూడా అక్కడ మెరుపు పోయిన గుండ్రని గుర్తు కనిపిస్తుంది. అక్కడ పైపొరే కరిగిపోయింది కాబట్టి సబ్బుతో ఎంత రుద్దినా అది పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. అందుకే ఎంత అందంగా ఉన్నా వంట చేసే గట్టుకు పాలరాయి వద్దని నేను గట్టిగా చెబుతాను.

గ్రానైట్‌కు ఈ బాధ లేదు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే బ్లాక్ గెలాక్సీ, కరీంనగర్ ప్రాంతపు టాన్ బ్రౌన్ ప్రపంచమంతా ఎగుమతి అవుతున్న రాళ్లు. బ్లాక్ గెలాక్సీని గ్రానైట్ పేరుతో అమ్మినా అది నిజానికి గాబ్రో అనే వేరే జాతి రాయి అని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. నల్లని నేల మీద బంగారు రంగులో మెరిసే చుక్కలు అందులోని బ్రాంజైట్ ఖనిజానివి. పొయ్యి మీది నుంచి దించిన కుక్కరును ఇలాంటి రాయి సాధారణంగా తట్టుకుంటుంది. లేత రంగు గ్రానైట్లు మాత్రం నీటిని, నూనెను కొంత పీల్చుకుంటాయి కాబట్టి వాటికి సన్నని రంధ్రాలను మూసే సీలర్ అనే ద్రవం పూయించి, అప్పుడప్పుడూ మళ్లీ పూయిస్తూ ఉండాలి.

క్వార్ట్జ్ పేరుతో అమ్మే పలకల్లో బరువులో సుమారు 90 శాతం రాతి పొడి, మిగిలినది దాన్ని పట్టి ఉంచే రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి జిగురు. సన్నటి రంధ్రాలు కూడా లేనంత గట్టిగా నొక్కి తయారు చేస్తారు కాబట్టి సీలర్ అవసరం లేదు, రంగు కూడా పలక అంతటా ఒకేలా ఉంటుంది. దీని బలహీనత అంతా రెజిన్‌లోనే ఉంది. సుమారు 150 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది పసుపుబారవచ్చు, పగలవచ్చు. గారెలు వేయించిన మూకుడులో నూనె వేడి అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఇంట్లో ఎవరో ఒకరు తొందరలో మూకుడును నేరుగా గట్టు మీద దించే అలవాటు ఉంటే, పొయ్యి పక్కన గ్రానైట్ వేయించి, వేడి తగలని చోట క్వార్ట్జ్ వేయించుకోవడం మేలు. నానో వైట్ గాజు జాతి పలక. మరకలు పట్టదు గానీ అంచు పెచ్చులూడితే అతుకు కనబడకుండా సరిచేయడం కష్టం. పోర్సెలిన్ వేడికి, గీతలకు బాగా నిలుస్తుంది. దెబ్బ తగిలితే దాని అంచులూ పెచ్చులూడతాయి కాబట్టి గట్టు అంచున కొబ్బరికాయ కొట్టే ఇంటికి అది పనికిరాదు.

కొనే ముందు దుకాణం నుంచి నమూనా ముక్కలు అడిగి తెచ్చుకుని ఇంట్లోనే పరీక్షించండి. ఒక మూల నూనెలో కలిపిన పసుపు, మరో మూల చిక్కటి చింతపండు గుజ్జు, మధ్యలో నిమ్మచెక్క ఉంచి రాత్రంతా వదిలేయండి. ఉదయం సబ్బుతో కడిగి, ఆరాక కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడండి. మెరుపు తగ్గిన చోటు వెంటనే తెలిసిపోతుంది. పసుపు ఛాయ మిగిలితే ఆ ముక్కను ఎండలో పెట్టి చూడవచ్చు, పసుపు రంగు ఎండకు వెలుస్తుంది. అయితే వంటగది గట్టుకు ఆ ఎండ తగలదన్న సంగతి గుర్తుంచుకోవాలి. నల్ల గ్రానైట్ అయితే తెల్లగుడ్డను అసిటోన్‌లో తడిపి రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే ఆ రాయికి రంగు పూశారని అర్థం.

గ్రానైట్ యార్డుకు వెళ్లినప్పుడు పాలిష్ ముఖం ఒక్కటే చూసి రాకండి. బండ మీద నీళ్లు చల్లించి, ఆరుతుండగా గమనించండి. అంతా ఆరిపోయాక కూడా ఒక చోట తడి సన్నని గీతలా మిగిలితే అక్కడ నెర్రె ఉన్నట్టే. వెనక వైపు వల అతికించి ఉంటే ఎందుకు అతికించారో అడగండి. మందం 18 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోండి. ఎంచుకున్న బండల మీద మీ పేరు రాయించండి, ఎందుకంటే ఒకే పేరుతో వచ్చే రాయిలోనూ బండకూ బండకూ ఛాయ మారుతుంది.

కోత కొలతలు ఇచ్చేముందే సింకు, హాబ్ (గట్టులో అమర్చే గ్యాస్ పొయ్యి) కొని తెచ్చి మేస్త్రీ చేతికి ఇవ్వాలి. హాబ్ కోసం కోసినప్పుడు ముందు, వెనక మిగిలే సన్నని పట్టీలే గట్టులో అన్నిటికంటే బలహీనమైన చోటు. కోత మూలలను కోణంగా కాకుండా గుండ్రంగా తిప్పించి, ఆ పట్టీల కింద ఆధారం పెట్టిస్తే పగుళ్లు చాలావరకు రావు. గట్టు అంచు కింద నీళ్లు వెనక్కి పాకకుండా సన్నని గాడి కొట్టించండి, కింది చెక్క అరలు ఉబ్బకుండా ఉంటాయి.

కోత పని ఇంట్లో పొడిగా చేయనివ్వకండి. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే నయంకాని జబ్బు తెస్తుంది. క్వార్ట్జ్ పలకల్లో సిలికా మరీ ఎక్కువ కావడం వల్లనే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వాటిని నిషేధించింది. నీళ్లు పోస్తూ యార్డులోనే కోయించి, ఇంటి దగ్గర చిన్న సవరణలకు కూడా నీళ్లు, మంచి మాస్కు తప్పనిసరి అని బేరం మాట్లాడేటప్పుడే చెప్పండి. దానివల్ల ఖర్చు కొంత పెరిగినా ఇవ్వండి, ఆ పని చేసే మనిషి ఊపిరి అందులో ఉంది.

సింకు కోసం కోసి తీసిన ముక్కకు కూడా మీరు డబ్బు కట్టారు కాబట్టి దాన్ని అడిగి తీసుకోండి. కొత్త క్లీనర్ ఏది కొన్నా ముందు ఆ ముక్క మీద వాడి చూసి, తర్వాతే గట్టు మీద వాడవచ్చు.