టెక్ వార్త మీద గొడవ పడే ముందు ఏటి చూడాలి

ఆదివారం సాయంత్రం శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ తాగుతూ మేం కొట్టుకునేవి మూడే రకాలు. ఏఐ ఉద్యోగాలు తినేస్తాదా, ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ చెత్త, ఇంక "సైంటిస్టులు కనిపెట్టేశారంట" అనే వార్తలు. ఈ మూడోదాంట్లోనే గొంతులు ఎక్కువ లేస్తాయి, ఎందుకంటే అందరూ హెడ్డింగే చదివొస్తారు, లోపలేముందో ఎవుడూ చూడడు. కాబట్టి అక్కడి నుంచే మొదలెడతాను.

ముందు ఆ వార్త ఎక్కడ పుట్టిందో పట్టుకోండి. వార్తలో సైంటిస్టు పేరో, యూనివర్సిటీ పేరో, జర్నల్ పేరో ఉంటాది కదా, అందులో ఏ రెండైనా గూగుల్ స్కాలర్‌లో (పరిశోధనలు వెతికే సైటు) కొడితే చాలాసార్లు అసలు పరిశోధన పేపర్ వచ్చేస్తాది. ఒక్క పేరూ లేదంటే ఇంక దాని మీద వాదన దండగ, టీ తాగేసి ఇంటికెళ్ళిపోవచ్చు. పేపర్ డబ్బులు కడితేగానీ తెరుచుకోదంటే ఫర్లేదు, పైనుండే అబ్‌స్ట్రాక్ట్, అంటే సారాంశం, ఫ్రీయే, ఫిజిక్స్, కంప్యూటర్లకి సంబంధించినవైతే ఆర్కైవ్ (arXiv) సైట్లో ఫ్రీ కాపీ కూడా దొరుకుతాది. ఆ సైటు 1991 నుంచీ నడుస్తోంది, చాలా మంచిది, కానీ ఒకటి గుర్తుపెట్టుకోవాలి, అందులో పేపర్ పెట్టడానికి తోటి సైంటిస్టులు కూర్చుని తప్పులు పట్టే పని జరగదు, పైపైన చూసి పెట్టేస్తారు. "పేపర్ వచ్చింది" అంటే "నిజమని తేలింది" అని కాదు.

2023 జులైలో కొరియా వాళ్ళు ఎల్‌కే-99 అని ఒక నల్లటి రాయిలాంటిది అక్కడే పెట్టారు, మామూలు గది వేడిలోనే సూపర్‌కండక్టర్, అంటే కరెంటుకి అడ్డే లేనిది, అన్నారు, ఇంక చూడాలి, కరెంటు తీగల్లో నష్టం సున్నా, గాల్లో తేలే రైళ్ళు అని అందరూ లెక్కలేసేశారు. నెల తిరక్కుండానే వేరే ల్యాబులు తయారుచేసి చూసి కాదని తేల్చేశాయి. అందులో కలిసిపోయిన రాగి సల్ఫైడ్ మలినం 104 డిగ్రీల దగ్గర రూపం మార్చుకుంటాది, అప్పుడు కరెంటుకి అడ్డు ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపించింది, అంతే. మలినం లేకుండా స్ఫటికం చేస్తే అది కరెంటుని పోనివ్వనే పోనివ్వలేదు. అందుకే ఇలాంటి వార్తకి నేను పెట్టిన రూలు, వేరే దేశంలో ఇంకో రెండు ల్యాబులు చేసి చూపించేదాకా "ఉందిరా, చూద్దాం" అనడమే, అటూ ఇటూ పక్షం పట్టకూడదు.

తర్వాత అంకెలు. వార్తలో ఉన్న అంకెని మీకు రోజూ తెలిసిన యూనిట్లోకి మార్చండి, ఇదొక్కటి చేస్తే సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. 2022 డిసెంబరులో అమెరికాలో నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ వాళ్ళు లేజర్‌తో ఫ్యూజన్ (చిన్న అణువుల కేంద్రాలని కలిపి శక్తి తీయడం) చేసి, 2.05 మెగాజూల్స్ లోపలికి పంపితే 3.15 మెగాజూల్స్ బయటికొచ్చాయి అన్నారు. నిజమే, గొప్పదే. కానీ ఒక యూనిట్ కరెంటు అంటే 3.6 మెగాజూల్స్, అంటే వచ్చింది మొత్తం కలిపి మన కరెంటు బిల్లు లెక్కలో ఒక్క యూనిట్ కూడా కాదు. ఆ లేజర్‌ని ఒక్కసారి పేల్చడానికి గోడలోంచి లాగింది దాదాపు 300 మెగాజూల్స్, అంటే 83 యూనిట్లు. ఇది చెప్పగానే మా ఫిజిక్స్ మాస్టారు లేచి, వాళ్ళు కరెంటు తీద్దామని ఆ లేజర్ కట్టలేదు, అణ్వాయుధాలని పేల్చకుండా పరీక్షించే పని కోసం కట్టారు, ఇంధనం మీద పడ్డ దానికంటే ఎక్కువ శక్తి రావడమే అక్కడ విశేషం అంటారు. అదీ కరెక్టే. రెండూ కరెక్టే అని ఒప్పుకున్నాక ఇంక అరిచేదేటి?

"దేంతో పోలిస్తే" అని కూడా అడగాలి. 2019లో గూగుల్ వాళ్ళు 53 క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్‌లో బిట్ లాంటివి) సికమోర్ చిప్‌తో 200 సెకన్లలో చేసిన లెక్కకి సూపర్‌కంప్యూటర్‌కి 10,000 ఏళ్ళు పడతాది అన్నారు, ఐబీఎం వాళ్ళు వెంటనే అదేం కాదు, మేం సరిగ్గా చేస్తే రెండున్నర రోజులు చాలు అన్నారు. చిప్ మారలేదు, లెక్క మారలేదు, పక్కన పెట్టిన పోటీదారు మారాడు అంతే. జబ్బుల వార్తలైతే మరీను, "ముప్పు 50 శాతం పెరుగుతాది" అంటే వందలో ఇద్దరికి వచ్చేది ముగ్గురికి వస్తాదనీ కావొచ్చు, వందలో నలభై మందికి వచ్చేది అరవైకి పోతాదనీ కావొచ్చు. అసలంకె చెప్పని వార్తకి ఎంత విలువివ్వాలో మీరే చూసుకోండి. అది ఎలుకల్లో చేసిందా మనుషుల్లోనా అన్నది అబ్‌స్ట్రాక్ట్‌లో ఉంటాది.

ఇక్కడ ఒక మాట. మా జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుకి కారణం దొరికేసిందని మధ్యమధ్యలో వార్త తిరుగుతూ ఉంటాది, నీళ్ళలో సిలికా అని ఒకసారి, పురుగుమందులని ఒకసారి, ఎండలో పనిచేసి నీళ్ళు తాగకపోవడమని ఇంకోసారి. ఇవన్నీ పరిశోధన జరుగుతున్నవే, ఏ ఒక్కటీ ఇదే అని ఇంకా తేలలేదు. అలాంటిది వచ్చినప్పుడు నేను చూసేది ఒకటే, అవే నీళ్ళు తాగి జబ్బు రాని పక్క ఊరితో పోల్చారా లేదా. పోల్చకపోతే ఆ ఊరి నీళ్ళల్లో అది ఉందని తెలిసింది తప్ప, జబ్బు దానివల్లే అని తెలియలేదు. దీని మీద మాత్రం జోకులేస్తూ వాదించకండి, టీ కొట్టులో మీ పక్కనున్నవాడి ఇంట్లోనే డయాలసిస్ పేషెంట్ ఉండొచ్చు.

తుఫాను సంగతి కూడా చెప్పేస్తాను, అక్టోబరు వస్తే విండీ యాప్ స్క్రీన్‌షాట్లు మొదలవుతాయి, ఇంకో పది రోజులకి పలాస మీద ఎర్రటి సుడిగుండం అని. తిత్లీ చూసిన జిల్లా కదా, భయం ఉంటాది. అదే యాప్‌లో యూరోపియన్ మోడల్, అమెరికన్ మోడల్ (కంప్యూటర్ వేసే వాతావరణ అంచనాలు) రెండూ మార్చి చూడండి, రెండూ తుఫానుని వందల కిలోమీటర్ల దూరంలో చెరోచోట పెడితే ఇంకా ఏటీ తేలలేదని అర్థం. దగ్గరపడ్డాక ఐఎండీ (భారత వాతావరణ శాఖ) బులెటిన్ చూసుకోండి.

ఇంక సాఫ్ట్‌వేర్. ఏదైనా పడిపోయిన రోజు మొదటి కొన్ని గంటలు ఎవుణ్ణీ తిట్టకండి. 2024 జులై 19న మైక్రోసాఫ్ట్ పడిపోయింది అని అందరూ అన్నారు, ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు, తీరా చూస్తే క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్. మైక్రోసాఫ్ట్ లెక్కలో 85 లక్షల మెషీన్లు, మొత్తం విండోస్‌లో 1 శాతం కంటే తక్కువ. మరి అంత తక్కువకే అంత గోల ఎందుకయ్యింది అంటే అవి ఎవరి దగ్గరున్నాయో చూడాలి, విమానాలు, బ్యాంకులు, ఆసుపత్రులు. కాస్త ఆగితే కంపెనీయే ఏం జరిగిందో రిపోర్టు పెడతాది, అది చదివి అప్పుడు తిట్టండి, ఇంకా బాగా తిట్టొచ్చు.

"ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్) సేఫా కాదా" అనే గొడవ ఇంకోటి. 2024 మార్చిలో ఎక్స్‌జడ్ అనే చిన్న లైబ్రరీలో (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్) ఎవడో పెట్టిన దొంగదారి బయటపడింది కదా, దాన్ని ఇటువాళ్ళూ అటువాళ్ళూ ఇద్దరూ వాడుకుంటారు. చూడు, ఆ దొంగ రెండేళ్ళపాటు నమ్మకంగా పనిచేసినట్టు నటించి దూరిపోయాడు అని ఒకడు, చూడు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వి పట్టుకున్నాడు, కోడ్ తెరిచి ఉండబట్టే కదా అని ఇంకొకడు. ఇలాంటప్పుడు ప్రశ్నని చిన్నది చెయ్యాలి. మంచిదా చెడ్డదా కాదు, ఈ లైబ్రరీని ఎంతమంది చూస్తున్నారు, వాళ్ళకి జీతం ఎవరిస్తున్నారు. ఆ దొంగ దూరేదాకా ఎక్స్‌జడ్‌ని నెట్టుకొచ్చింది ఒక్క మనిషి, అదీ జీతం లేకుండా. ఇది చెప్పాక మా మొబైల్ షాపు బావ కూడా "అయితే అసలు గొడవ వేరేరా" అన్నాడు.

ఏఐ గురించి వాదించేవాళ్ళకి ఒకటే సలహా, బెంచ్‌మార్క్ స్కోర్లు (మోడల్‌కి అందరూ పెట్టే పరీక్షల మార్కులు) వదిలేసి మీరే పరీక్ష పెట్టండి, ఎందుకంటే ఆ పరీక్షల ప్రశ్నలు నెట్‌లో దొరికేవైతే మోడల్ ముందే చదివేసి ఉండొచ్చు. రాజాం ఏ జిల్లా అని అడగండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం విజయనగరంలోకి పోయింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి పోయింది, ఎచ్చెర్ల మాత్రం శ్రీకాకుళంలోనే ఉంది. మూడూ కలిపి తెలుగులో అడగండి, వెబ్ సెర్చ్ ఆపేసి, ప్రతిసారీ కొత్త చాట్‌లో, నాలుగైదుసార్లు, ఎందుకంటే ఒకసారి కరెక్టు చెప్పి ఇంకోసారి తప్పు చెప్తాది. తప్పు చెప్తే మోడల్ చెత్త అని కాదు, పాత రాతలు ఎక్కువ చదివిందని, తెలియనిది తెలియదని చెప్పలేదని తెలుస్తాది. రెండోది నాకు పెద్ద లోపం. ఉద్యోగాల సంగతికొస్తే "పోతాయి" అనే మాటతో వాదించలేం, ఏ పని, ఏ ఏడాదిలోపు అని అడగండి, చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఆఖరికి పందెం. మాకొక నోటుబుక్కుంది, తేలని వాదన అందులో రాస్తాం, ఎవరేం అన్నారు, ఏ తేదీలోపు, ఏది జరిగితే తేలినట్టు అని. ఈ మూడోది రాయడమే కష్టం. రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కోటి 1208 మెగావాట్ల అణు విద్యుత్ రియాక్టర్లు ఆరు కడతామన్నారు కదా, "2035 లోపు మొదలవుతాది" అని ఒకడు, అవ్వదని ఇంకొకడు. మొదలవడమంటే ఏటి, శంకుస్థాపనా, గోడ కట్టడమా, కరెంటు రావడమా అని దానిమీదే మళ్ళీ గొడవ. మాస్టారే తేల్చారు, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్కలో రియాక్టర్ నిర్మాణం మొదలైనట్టు అంటే రియాక్టర్ భవనం పునాదికి మొదటి కాంక్రీటు పోసిన రోజు. నోటుబుక్కులో అదే రాశాం, ఓడినవాడు అందరికీ బిర్యానీ పెట్టాలి, శిలాఫలకం వేస్తే చెల్లదు అని కింద ఇద్దరి చేతా సంతకం కూడా పెట్టించాం.