కాలేజీ ఫీజు మీద పన్ను మినహాయింపు తీసుకోవడం ఎలా?

మాది అమలాపురం, నేను టీచర్ని. అమ్మాయి కాకినాడలో బీటెక్. చట్టం ఇచ్చే మినహాయింపులో ఒక్క రూపాయి కూడా వదులుకోకూడదని నా పట్టుదల.

ముందు ఫీజు రసీదు తీసి లైను లైనుగా చూడండి. మా రసీదులో ట్యూషన్ ఫీజు, డెవలప్‌మెంట్ ఫీజు, బస్సు, హాస్టల్ వరసగా ఉంటాయి. ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 80సి (2025 చట్టంలో 123) కింద పనికొచ్చేది మొదటిదొక్కటే. అన్నీ కలిపి ఒకే అంకె వేసిస్తే, ఆఫీసులో అడిగి విడివిడిగా రాయించుకోండి, మొహమాటపడొద్దు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినంత మేర మీరు కట్టినట్టు కాదు, అది చూపకూడదు.

ఇద్దరు పిల్లల వరకే, మన దేశంలో ఫుల్‌టైమ్ కోర్సుకే. పీఎఫ్, ఎల్‌ఐసీలతో కలిపి పరిమితి 1,50,000 రూపాయలు. భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తుంటే ఎవరు కట్టింది వాళ్లు చూపించుకోవచ్చు. ఏ సెమిస్టర్ ఫీజన్నది కాదు, ఏ ఆర్థిక సంవత్సరంలో కట్టారన్నదే లెక్క.

ఇదంతా పాత పన్ను విధానంలోనే (కొత్త విధానంలో రేట్లు తక్కువ, కానీ ఈ మినహాయింపులు ఉండవు). మీరు ఏమీ చెప్పకపోతే కొత్తదే వర్తిస్తుంది కాబట్టి, గడువులోగా వేసే రిటర్నులో పాతదాన్ని ఎంచుకోవాలి. అంతకుముందు రెండు రకాలుగానూ లెక్కేసి చూడండి. చాలామందికి కొత్తదే తక్కువ పడుతోంది.

ఎడ్యుకేషన్ లోన్ ఉంటే సెక్షన్ 80ఈ (2025 చట్టంలో 129). అది కూడా పాత విధానంలోనే, వడ్డీకి మాత్రమే. వడ్డీ ఎంతైనా పరిమితి లేదు, గరిష్ఠంగా 8 ఏళ్లు. వడ్డీ సర్టిఫికెట్ బ్యాంకులో అడిగి తీసుకోండి.