చోక్ తీస్తే ఆగిపోయే స్ప్లెండర్

మొదటి బండిగా పాత స్ప్లెండరే తీసుకున్నాను. 97.2 సీసీ ఇంజన్, ఏ ఊళ్లోనైనా స్పేర్ పార్టులు దొరుకుతాయి, ఇంకేం కావాలి? కొనేముందు ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు బండి మీదున్న నంబరుతో సరిచూసుకుని, బండి పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద ఓనర్ సంతకాలు చేయించుకున్నాను. పెయింటింగ్ సంగతి తర్వాత.

అసలు తలనొప్పి స్టార్టింగ్. చోక్ (చల్లటి ఇంజన్‌కి గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) వేస్తే స్టార్టయ్యేది, తీయగానే ఆగిపోయేది. ప్లగ్ మార్చినా అంతే. చాలాకాలం షెడ్డులో పడి ఉన్న బండి కదా, పాత పెట్రోలు గడ్డకట్టి ఉంటుందని పెట్రోల్ కాక్ కట్టేసి, పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే కార్బురేటర్ విప్పాను. అందులో పెట్రోలు నిలిచే గిన్నె, అదే ఫ్లోట్ బౌల్, అడుగున గోధుమరంగు మడ్డి, వార్నిష్ వాసన. యాక్సిలరేటర్ తిప్పనప్పుడు ఇంజన్‌కి పెట్రోలు అందించే పైలట్ జెట్‌ను వెలుతురుకి పెట్టి చూస్తే రంధ్రమే కనబడలేదు! కార్బ్ క్లీనర్ కొట్టి కాసేపు నానబెట్టి, కరెంటు వైరులోంచి తీసిన సన్నటి రాగి పోగుతో మెల్లగా శుభ్రం చేశాను. సూది మాత్రం వాడొద్దు. జెట్ ఇత్తడిది, రంధ్రం పెద్దదైతే మైలేజీ గోవిందా.

ట్యాంకు కడిగి, పెట్రోల్ పైపు, ఫిల్టర్ కొత్తవి వేశాను. ఇంజన్ వేడెక్కాక గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే ఎయిర్ స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజన్ తిరగడం) సర్దాను. ఇప్పుడు చోక్ తీసేసినా ఆగట్లేదు. చైన్ స్ప్రాకెట్ పని ఇంకా మిగిలే ఉంది, జీతం పడ్డాక చూడాలి.