రైఫిల్ గ్రూప్ చెదిరిందా? బారెల్ మార్చే ముందు బుల్లెట్ పొడవు కొలవండి

"అన్నా, బారెల్ అయిపోయినట్టుంది. కొత్తది వేయిద్దామనుకుంటున్నా."

చలికాలం వచ్చిందంటే నాకు ఇలాంటి ఫోన్లు మొదలవుతాయి. నేనుండేది కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో, బాదం తోటల మధ్య. ఇక్కడి నేల ఉడతలు డ్రిప్ పైపులు కొరికేస్తాయి, చెట్ల మొదళ్ల దగ్గర బొరియలు తవ్వేస్తాయి. వాటికీ, కోళ్ల కోసం వచ్చే కయోటీలకీ (నక్కలాంటి జంతువులు) మా వైపు ఎక్కువగా వాడేది .223, .22-250 రైఫిళ్లు (ఆ అంకెలు అవి కాల్చే తూటాల పేర్లు). ఇలా నష్టం చేసే చిన్న జంతువుల వేటనే వార్మింట్ వేట అంటారు. లేచి నిలబడ్డ ఉడత వెడల్పు రెండు మూడు అంగుళాలకు మించదు. వరసగా కాల్చిన గుళ్ల రంధ్రాలు కాగితం మీద ఎంత మేర పరుచుకున్నాయో అదే గ్రూప్. కాబట్టి 100 గజాల దగ్గర అంగుళం లోపు గ్రూప్ పెట్టలేని రైఫిల్‌తో 200 గజాల ఉడతను కొట్టాలనుకోవడం గాల్లో రాయి వేయడమే.

ఫోన్ చేసిన ప్రతివాణ్ణీ నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: స్క్రూలు చూశావా? చూసి ఉండడు. స్కోప్ మార్చి ఉంటాడు, మూడు రకాల తూటాలు (బుల్లెట్, మందు, గొట్టం కలిపితే తూటా; ఎగిరి వెళ్లేది బుల్లెట్) కొని ఉంటాడు, యూట్యూబ్‌లో ఆరు గంటలు గడిపి ఉంటాడు, అయిదు నిమిషాల పని మాత్రం చేయడు.

గ్రూప్ ఒక్కసారిగా చెదిరింది, ఏ క్రమమూ లేదు

స్క్రూలే. రైఫిల్ యంత్ర భాగాన్ని స్టాక్‌కు, అంటే భుజానికి ఆనించే చట్రానికి, పట్టి ఉంచే యాక్షన్ స్క్రూలు, స్కోప్ కింద ఉండే బేస్ స్క్రూలు, స్కోప్‌ను చుట్టి పట్టే రింగ్ స్క్రూలు. చేతికి గట్టిగా అనిపిస్తే సరిపోదు, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ పెట్టి బిగించాలి. ఎంత బిగించాలో రైఫిల్ మాన్యువల్‌లో, రింగుల పెట్టె మీద ఉంటుంది. బేస్ స్క్రూలు చూడాలంటే స్కోప్ విప్పాలి. అది బద్ధకమై అందరూ పై రింగులు మాత్రం బిగించి వదిలేస్తారు. వదులైనది ఎప్పుడూ కిందిదే.

మొదటి రెండూ ఒకచోట, తర్వాతవి ఒకే దిక్కుకు పాకుతున్నాయి

బారెల్ వేడెక్కింది, లేదా వేడెక్కిన బారెల్ స్టాక్‌కు తగులుతోంది. ఒక డాలర్ నోటును బారెల్‌కూ స్టాక్‌కూ మధ్య దూర్చి వెనక్కి లాగండి. ఎక్కడ ఇరుక్కుందో అక్కడ గీకాలి. నోటు హాయిగా జారితే తప్పు మీదే, మూడు కాల్చి ఆగండి. ఉడతలు వరసగా లేస్తుంటే ఆగడం కష్టమే, నాకూ తెలుసు.

తూటా రకం మార్చాక గ్రూప్ మెల్లగా పాడైంది

సీసం బుల్లెట్ల మురికి మీద రాగి బుల్లెట్లు కాలిస్తే చాలా బారెళ్లకు నచ్చదు. సీసం బుల్లెట్‌కూ పైన రాగి తొడుగు ఉంటుంది, బారెల్‌కు అంటేది అదే. రాగి పొరను కరిగించే ద్రావకంతో గుడ్డకు నీలం రంగు అంటడం ఆగేదాకా తుడవండి. ఆ తర్వాత పదిహేను ఇరవై కాల్చాకే తీర్పు చెప్పండి.

నిన్నటిదాకా బాగుంది. కొత్త తూటాల పెట్టె తెచ్చాక గ్రూప్ నాలుగైదు అంగుళాలు. రంధ్రాలు గుండ్రంగా లేవు

అసలు సంగతి ఇదీ. ఇందులో నేను స్వయంగా కాలు పెట్టాను కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను.

2019 జూలై 1 నుంచి కాలిఫోర్నియాలో తుపాకీతో ఏ అడవి జంతువును వేటాడినా సీసం బుల్లెట్లు వాడకూడదు. నా దగ్గర పాత .22-250 ఉంది. 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలిచే చిన్న కొలత) సీసం బుల్లెట్‌తో ఏళ్ల తరబడి ముప్పావు అంగుళం గ్రూప్ పెట్టిన రైఫిల్. రూల్ వచ్చాక 50 గ్రెయిన్ల రాగి బుల్లెట్ తూటాలు తెచ్చాను. బరువు తగ్గించాను కదా, ఇంకా సులువుగా పోతుందనుకున్నాను. 100 గజాల దగ్గర పెట్టిన కాగితం చూస్తే అయిదు అంగుళాల మేర చెల్లాచెదరు. రెండు రంధ్రాలైతే పక్కకు పడుకున్న బుల్లెట్ ఆకారంలోనే ఉన్నాయి. స్క్రూలు బిగించాను, బారెల్ కడిగాను, స్కోప్ మార్చాను. గన్‌స్మిత్ దగ్గరికి వెళ్తే, "గొంతు (బారెల్‌లో గాడులు మొదలయ్యే చోటు) అరిగింది, బారెల్ మార్చాలి" అన్నాడు. డబ్బు కట్టే ముందు రోజు, మూల పడున్న పాత సీసం తూటాలు నాలుగు రేంజ్‌లో కాల్చి చూశాను. నాలుగూ రూపాయి బిళ్ల కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. బారెల్‌కు ఏ రోగమూ లేదు.

బారెల్ లోపలి గాడులు మెలి తిరిగి ఉంటాయి. ఆ మెలికనే ట్విస్ట్ అంటారు. 1:14 అంటే బుల్లెట్ 14 అంగుళాలు ముందుకు పోయేసరికి ఒక చుట్టు తిరుగుతుందని. 1:8 అంటే 8 అంగుళాలకే ఒక చుట్టు, అంటే ఇంకా వేగంగా తిరుగుతుంది. బుల్లెట్‌ను ముక్కు ముందుకు పెట్టి నిలబెట్టేది ఆ తిరుగుడే. పొట్టి బొంగరం తక్కువ తిరుగుడుకైనా నిలబడుతుంది, పొడుగు బొంగరానికి బాగా తిప్పు ఉండాలి, లేకపోతే తల ఊపి పడిపోతుంది. చిన్నప్పుడు వీధిలో ఆడినవాళ్లకు ఇంతకు మించి చెప్పక్కర్లేదు.

చిక్కెక్కడ ఉందంటే, పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసేది బరువు. ట్విస్ట్‌కు కావాల్సింది పొడవు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, రాగిది 8.9. అదే బరువు రాగితో తూగాలంటే బుల్లెట్ పొడుగవ్వాల్సిందే. నా 55 గ్రెయిన్ల సీసం బుల్లెట్ కాలిపర్‌తో కొలిస్తే 0.70 అంగుళం. 50 గ్రెయిన్ల రాగిది 0.79. బరువు తగ్గింది, పొడవు పెరిగింది. నేను చూసింది బరువు, బారెల్ చూసింది పొడవు.

లెక్క కూడా కష్టం కాదు. ఇంగ్లండ్‌లో గ్రీన్‌హిల్ అనే గణిత ఆచార్యుడు 1879లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ చాలు. బుల్లెట్ వ్యాసాన్ని దానితోనే గుణించి, 180తో గుణించి, పొడవుతో భాగించండి (అన్నీ అంగుళాల్లో). ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు కావాలో వస్తుంది. వేగం సెకనుకు 2,800 అడుగులు దాటినప్పుడు 180, అంతకు తక్కువైతే 150. .223, .22-250 రెండింటి బుల్లెట్ వ్యాసమూ .224 అంగుళం, దానికి పొడవుతో భాగించే ముందు వచ్చేది 9.03. సీసం బుల్లెట్‌కు 9.03ను 0.70తో భాగిస్తే సుమారు 13. రాగి బుల్లెట్‌కు 0.79తో భాగిస్తే 11.4, రాగి తేలిక కాబట్టి ఇంకో పది శాతం తగ్గిస్తే 10 పైచిలుకు. నా బారెల్ 1:14. సూత్రం కాస్త పిరికిది, సెకనుకు 3,600 అడుగుల పైన పోయే .22-250లో 13 అన్నచోట 14 నడిచిపోతుంది. 10 అన్నచోట నడవదు.

అసలు మోసం చేసేది పూర్తిగా తప్పిన కేసు కాదు. రంధ్రం అడ్డంగా పడితే ఎవరికైనా అనుమానం వస్తుంది. ట్విస్ట్ చాలీచాలకుండా అంచున నడిచే బారెల్, బుల్లెట్ జత ఉంటుందే, అది కొంప ముంచుతుంది. జూలై మధ్యాహ్నం రేంజ్‌లో అంగుళం గ్రూప్ పెడుతుంది. జనవరిలో తెల్లవారి, ట్యూలీ పొగమంచు (మా లోయలో చలికాలం పట్టే దట్టమైన మంచు) అప్పుడే విడుతున్నప్పుడు, అదే రైఫిల్ అదే తూటాతో రెండున్నర అంగుళాలు. 35 డిగ్రీల గాలి కంటే 0 డిగ్రీల గాలి సుమారు 13 శాతం చిక్కన, చిక్కటి గాలి బుల్లెట్ ముక్కును ఎక్కువగా పక్కకు నెడుతుంది. ఎత్తు కూడా అంతే. డెన్వర్‌లో గాలి సముద్ర మట్టం కంటే దాదాపు 15 శాతం పలచన, అక్కడ బ్రహ్మాండంగా కొట్టిన జత మా లోయలోకి వచ్చి తడబడుతుంది. నాకు చలికాలంలోనే ఫోన్లు ఎందుకొస్తాయో ఇప్పుడు అర్థమైందా? ఇది కొత్తగా బయటపడ్డ సంగతేమీ కాదు. ఏఆర్-15 రైఫిల్ మొదట 1:14తోనే వచ్చింది. గడ్డకట్టే చలిలో బుల్లెట్ నిలకడ చాలడం లేదని 1963లో అమెరికా సైన్యం దాన్ని 1:12కు మార్చింది.

చేయాల్సింది ముందు మీ ట్విస్ట్ కొలవడం. బారెల్ మీద చెక్కింది ఉంటే మంచిదే, కానీ పాత రైఫిళ్ల మీద ఉండదు, సెకండ్‌హ్యాండ్‌లో అమ్మినవాడు చెప్పింది లెక్కలోకి రాదు. బోల్ట్ బయటికి తీయండి. పిడి దానంతటది తిరిగే క్లీనింగ్ రాడ్‌కు బిగుతుగా పట్టే గుడ్డ చుట్టి వెనక నుంచి రెండు అంగుళాలు దూర్చండి. రాడ్ పైభాగాన పెన్నుతో ఒక గీత పెట్టి, అది బారెల్‌లోకి పోయే అంచు దగ్గర టేపు ముక్క అంటించండి. ఇప్పుడు మెల్లగా తోయండి. గీత ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకి వచ్చేసరికి టేపు ఎన్ని అంగుళాలు లోపలికి జరిగిందో అదే మీ ట్విస్ట్. గుడ్డ జారితే తప్పు అంకె వస్తుంది, అందుకే మూడుసార్లు కొలవండి. మూడూ అర అంగుళం లోపు కలవాలి.

తర్వాత బుల్లెట్ పొడవు. ఫ్యాక్టరీ తూటా అయితే బుల్లెట్ ఊడదీసి కొలవక్కర్లేదు, తయారీదారు సైట్‌లో దొరుకుతుంది. రాగి బుల్లెట్ల పెట్టెల మీద కొందరు ఎంత ట్విస్ట్ కావాలో చిన్న అక్షరాల్లో వేస్తారు, దాన్ని చదవండి. ప్లాస్టిక్ ముక్కు ఉన్న బుల్లెట్లకు మొత్తం పొడవు పెడితే లెక్క ఉన్నదానికంటే భయపెడుతుంది, ఆ ముక్కుకు బరువే ఉండదు కాబట్టి.

ట్విస్ట్ చాలకపోతే తూటా మార్చడమే చవక. 1:14 వాళ్లకు 35, 36 గ్రెయిన్ల పొట్టి రాగి బుల్లెట్లు దొరుకుతాయి. దూరం పోయేకొద్దీ గాలికి కొట్టుకుపోతాయి గానీ 200 గజాల ఉడతకు చాలు. నా .22-250 ఇప్పుడు వాటితోనే నడుస్తోంది, సీసానికి అడ్డు లేని నెవాడా వెళ్లినప్పుడు పాత 55 గ్రెయిన్లు తీస్తాను. పొడుగు బుల్లెట్లే కావాలంటే బారెల్ మార్పించుకోవాలి. కనీసం అప్పుడైనా ఎందుకు మారుస్తున్నారో తెలిసి మారుస్తారు.

కాగితం మీద రంధ్రమే లేదు

ఇది ఎదురు జబ్బు. 1:7, 1:8 బారెల్‌లో పలచటి తొడుగు ఉన్న 40 గ్రెయిన్ల బుల్లెట్‌ను పూర్తి వేగంతో వదిలితే దారిలోనే విచ్చిపోవచ్చు. గాల్లో బూడిద రంగు పొగలా ఒక చార కనిపిస్తుంది, అంతే. సెకనుకు 3,600 అడుగుల వేగంతో 1:14లో బుల్లెట్ నిమిషానికి 1,85,000 చుట్లు తిరిగితే 1:7లో 3,70,000. తొడుగు మందంగా ఉన్న బుల్లెట్ వేయండి, లేదా వేగం తగ్గించండి.

కొత్తది కొనేవాళ్లకు

కాలిబర్ (తూటా సైజు) గురించి గంటలు వాదించి ట్విస్ట్ అడగకుండా కొనకండి. పెద్ద కంపెనీలే ఇక్కడ బోర్లా పడ్డాయి. 1955లో .243 వించెస్టర్, .244 రెమింగ్టన్ ఒకేసారి మార్కెట్‌కు వచ్చాయి. రెండూ 6 మిల్లీమీటర్లవే. వించెస్టర్ 1:10 పెట్టింది, జింక వేటకు 100 గ్రెయిన్ల బుల్లెట్ నిలబడింది. రెమింగ్టన్ వార్మింట్ వేట మాత్రమే మనసులో పెట్టుకుని 1:12 ఇచ్చింది, ఆ బరువు నిలబడలేదు. జనం .243 కొన్నారు. తర్వాత రెమింగ్టన్ ట్విస్ట్‌ను 1:9 చేసి, 1963లో పేరు 6 ఎంఎం రెమింగ్టన్‌గా మార్చినా పోయిన మార్కెట్ తిరిగి రాలేదు.

మొదటి వార్మింట్ రైఫిల్ అయితే బరువైన బారెల్ ఉన్న .223 బోల్ట్ యాక్షన్, 1:8 లేదా 1:9. రాగి, సీసం రెండూ నడుస్తాయి, తూటా చవక, బారెల్ .22-250 కంటే చాలా ఎక్కువ కాలం వస్తుంది. కయోటీలను 300 గజాల అవతల కొట్టే అలవాటుంటే .22-250 తీసుకోండి, కానీ దుకాణంలో ఉన్న పీస్ ట్విస్ట్ ఎంతో చూసి తీసుకోండి. ఒకే మోడల్ పేరు మీద పాతవి 1:14తో, కొత్తవి 1:9తో ఉండటం మామూలే.

ఇక మిగిలినవి: బారెల్ మూతి అంచు దెబ్బతినడం, చాంబర్ (తూటా కూర్చునే గది) వంకరగా కోయడం, స్కోప్ లోపల స్ప్రింగ్ విరగడం. నా అనుభవంలో ఇవి చాలా అరుదు. మూతి అంచు మీద దూది లాగి చూడండి, పోగు చిక్కుకుంటే గన్‌స్మిత్ కోసి సరిచేస్తాడు. స్కోప్ మీద అనుమానమా, నమ్మకమైనది ఇంకొకటి బిగించి అయిదు కాల్చండి. చాంబర్ సంగతి మాత్రం పైవన్నీ అయ్యాకే నాకు ఫోన్ చేయండి. అప్పుడు కూడా స్క్రూల గురించి ఇంకోసారి అడుగుతాను.