షటిల్ ఆడేవారికి మోచేతి నొప్పి: నాకు పనిచేసింది ఇది

మా కోర్టులో చాలామంది అడుగుతున్నారని రాస్తున్నాను. నాకు 43 ఏళ్లు. మోచేతి బయటివైపు ఎముక దగ్గర నొప్పి. బ్యాక్‌హ్యాండ్ కొడితే సూది గుచ్చినట్టు ఉండేది, చివరికి టీ గ్లాసు ఎత్తినా తెలిసేది. డాక్టర్ టెన్నిస్ ఎల్బో అన్నారు.

స్ప్రేలు, మాత్రలు, పట్టీ, నెల రోజుల విశ్రాంతి అన్నీ అయ్యాయి. ఆట మొదలుపెట్టగానే నొప్పి మళ్లీ వచ్చేది.

ముందు ఫిజియో నేర్పిన వ్యాయామం. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి చూసేలా, మణికట్టు అంచు దాటి ఉండేలా పెట్టి కిలో డంబెల్ పట్టుకోవాలి. రెండో చేత్తో సాయం చేసి పైకి లేపి, సాయం తీసేసి, నాలుగైదు సెకన్లలో మెల్లగా దించాలి. పదిహేనేసి చొప్పున మూడుసార్లు, రోజూ. మెల్లగా దించడమే ముఖ్యం. మూడు వారాల దాకా నాకు తేడా తెలియలేదు, దయచేసి మధ్యలో ఆపేయకండి.

ఆరో వారంలో రాకెట్ మార్చాను. తలవైపు బరువుండే 3యూ పక్కనపెట్టి, అంతకంటే తేలికైన 80-84 గ్రాముల 4యూ తీసుకున్నాను (యూ ముందు అంకె రాకెట్ బరువు తరగతి; అంకె పెరిగితే రాకెట్ తేలిక). గట్టింగ్ (రాకెట్ తీగల బిగువు) 27 పౌండ్ల నుంచి 22కి తగ్గించాను. పిడి సన్నగా ఉండటం వల్లే బిగించి పట్టుకుంటున్నానని అప్పుడు అర్థమైంది. పిడి మీద ఇంకో ఓవర్‌గ్రిప్ (పలచని టేపు) చుట్టాక పట్టు వదులైంది. నా మటుకు ఇదే ఎక్కువ పనిచేసిందనిపిస్తుంది, కానీ మూడూ ఒకే వారంలో మార్చాను కాబట్టి కచ్చితంగా చెప్పలేను.

ఇప్పుడు వారానికి మూడు రోజులు డబుల్స్ ఆడుతున్నాను. మీకు వేళ్లు తిమ్మిరెక్కుతుంటే, మెడ నుంచి నొప్పి దిగుతుంటే అది వేరే సమస్య కావచ్చు, ముందు డాక్టర్‌కి చూపించుకోండి.