గల్ఫ్ బయలుదేరే ముందు చూసుకోవాల్సినవి

మా జగిత్యాల వైపు ఎవరైనా దుబాయ్ పోతున్నారంటే ముందు రోజు రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంటుంది. తూకం ఎక్కువైతదేమోనని సకినాల డబ్బా ఒకసారి పెడతారు, ఒకసారి తీస్తారు. కానీ అసలు జాగ్రత్తల టైం అప్పటికే దాటిపోయి ఉంటుంది. ఏజెంటు చేతిలో మొదటి రూపాయి పెట్టకముందే చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. నేను మొదటిసారి పోయినప్పుడు నాకు ఇవేవీ తెలియవు.

పక్క ఊరి సబ్ ఏజెంటు ఒకాయన "విజిట్ మీద పో, పోయినంక కంపెనీ వీసాకు మారుస్తరు" అన్నాడు. నమ్మి పోయిన. రెండు నెలలకు వీసా అయిపోయింది, కంపెనీ అన్నదే లేదు. ఎనిమిది నెలలు ఖల్లివెల్లిగా, అంటే వీసా లేకుండా, దాక్కుంటూ పని చేసి, ఔట్‌పాస్ అనే తాత్కాలిక ప్రయాణ కాగితం మీద ఇంటికొచ్చిన. తర్వాత సరైన కంపెనీ వీసా మీద ఇంకో దేశం పోయి పదేళ్లు నిమ్మళంగా చేసుకున్నాను. ఆ రెండు ప్రయాణాలకు మధ్య తేడా అంతా కాగితాల్లోనే ఉంది.

విజిట్ వీసా మీద పని చేయడం నేరం. ఆజాద్ వీసా కూడా అలాంటిదే. కాగితం మీద ఒక కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఉంటాడు, మీరు పని చేసేది వేరే చోట. తనిఖీలో దొరికితే ఆ కఫీల్ రాడు. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కింద ఉంటుంది, అంటే పనికి పోయే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. వాళ్లు పని కోసం ఆరు గల్ఫ్ దేశాల్లో దేనికి పోవాలన్నా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి క్లియరెన్స్ ఉండాలి, అది ప్రభుత్వ వెబ్‌సైట్ ఈమైగ్రేట్‌లో వస్తుంది. దానితోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన చేయించాలి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375, పైన జీఎస్టీ. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా పని చేయలేని స్థితి వచ్చినా 10 లక్షలు వస్తాయి. విజిట్ మీద పోయినవాళ్లకు ఈ రక్షణ ఏదీ ఉండదు.

ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లోనే కనపడుతుంది. సస్పెండ్ అయినవాళ్ల పేర్లు కూడా అందులోనే ఉంటాయి. ఊర్లలో తిరిగే సబ్ ఏజెంట్లకు లైసెన్సు ఉండదు. ఏజెంటు తీసుకోదగ్గ సర్వీస్ చార్జీ 30,000 దాటొద్దు, జీఎస్టీతో 35,400. అదీ బ్యాంకు ద్వారానే ఇవ్వండి, రసీదు తీసుకోండి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా కూడా ఉద్యోగాలు వస్తుంటాయి, ముందు అక్కడ అడిగి చూడండి.

మెడికల్ కూడా డబ్బు కట్టకముందే చేయించుకోవాలి. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా అన్‌ఫిట్ రాస్తారు. అప్పటికే అప్పు తెచ్చి కట్టి ఉంటే ఆ మిత్తి మీ మీదే పడుతుంది. లక్షన్నర నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 4,500, ఏడాదికి 54,000. వెయ్యి దిర్హాముల జీతానికి ఈ లెక్క ఎట్లా కుదురుతుందో నోట్‌బుక్‌లో వేసి ఇంట్లో అందరికీ చూపించండి. కాంట్రాక్టు కాగితం చదివించుకునేటప్పుడు బేసిక్ ఎంత, ఓవర్‌టైం కలిపి చెప్పిన జీతం ఎంత అని విడివిడిగా అడగండి. రూము, తిండి ఎవరిదో, తిరిగి వచ్చే టికెట్ ఎవరు కొంటారో కూడా రాసి ఉండాలి.

ఒక విషయం చెప్పడానికి మనవాళ్లు మొహమాటపడతారు. మన దగ్గర కొన్ని చోట్ల కల్లులో మత్తు మందులు కలుపుతారు. రోజూ దానికి అలవాటు పడ్డ మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర రాదు, పిచ్చిగా మాట్లాడతాడు, కొందరికి ఫిట్స్ వస్తాయి. అక్కడ క్యాంపులో అది జరిగితే ఏమైందో కూడా ఎవరికీ అర్థం కాదు. పోవడానికి రెండు మూడు నెలల ముందే డాక్టర్ దగ్గరికి పోయి మెల్లగా మానుకోండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

సామాన్ల విషయంలో అమ్మల దగ్గరే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, పాపం వాళ్లకు తెలియదు. రెండోసారి పోయేటప్పుడు మా అమ్మ చికెన్ మసాలా దంచి, కవర్‌లో పోసి, దారంతో రెండు ముడులేసి బట్టల మధ్య పెట్టింది. అందులో గసగసాలు ఉన్నాయి. యూఏఈలో, సౌదీలో గసగసాలు నిషేధం, వాటిని మత్తు పదార్థం కిందే చూస్తారు. ఎయిర్‌పోర్టుకు బయలుదేరే ముందు తీసి పక్కన పెడితే అమ్మ చిన్నబుచ్చుకుంది, కానీ తప్పదు. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు కూడా అంతే. బీపీ, షుగర్ మాత్రలకు డాక్టర్ చీటీ వెంట ఉండాలి. "మా తమ్ముడికి ఈ పచ్చడి ఇవ్వన్నా" అని ఎవరు ఇచ్చినా, సొంత మేనమామ ఇచ్చినా సరే, మీరే విప్పి చూసి మీ చేత్తో మళ్లీ కట్టండి. విప్పనివ్వకపోతే తీసుకోవద్దు.

ఎండాకాలంలో దిగేవాళ్లకు మొదటి రెండు వారాలు గండం. మన రామగుండం ఎండ అలవాటేలే అనుకోవద్దు, అక్కడ గాలిలో ఉక్కపోత వేరు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఆరుబయట పని ఆపాలి. దాహం కాకున్నా నీళ్లు తాగుతుండాలి, తల తిరిగితే ఫోర్‌మన్‌కు చెప్పి నీడకు పోవాలి.

ఇంటి సంగతి. భార్య పేరు మీద ఖాతా, ఏటీఎం ఉండాలి. డబ్బు దోస్తు ఖాతాకు పంపి పాడైన ఇండ్లు చాలా చూసిన. భూమి ఉన్నవాళ్లు రైతుబీమా నామినీ ఎవరో వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) దగ్గర చూసుకోండి. అది 5 లక్షల బీమా, పెళ్లికి ముందు రాయించిన పేరు అట్లాగే ఉండిపోతుంది. అప్పు ఎవరి దగ్గర ఎంత తెచ్చారో భార్యకు చెప్పి పోండి, మీరు లేనప్పుడు ఎవరో వచ్చి రెట్టింపు అడిగితే ఆమె ఏమని జవాబిస్తుంది?

పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బీమా కాగితం, ఏజెంటు రసీదు, అన్నీ రెండు సెట్లు జిరాక్స్ తీయండి. అక్కడ పాస్‌పోర్టు కంపెనీవాళ్లు తీసుకున్నా ఒక సెట్టు మీ పెట్టెలో ఉంటుంది. రెండోది ఒక కవర్‌లో పెట్టి ఇంట్లో ఉంచండి. దాని మీద 1800 11 3090 అని పెద్దగా రాయండి, అది ప్రవాస కార్మికుల కోసం ఉన్న ప్రభుత్వ టోల్ ఫ్రీ నంబర్. ఆ కవర్ ఏ పెట్టెలో ఉందో భార్యకు, అమ్మకు ఇద్దరికీ చూపించి, ఒకసారి వాళ్ల చేతనే తీయించి, అప్పుడు బస్సెక్కండి.