మూడో స్థానం లెక్క: గ్రూప్ టేబుల్ చేత్తో కట్టడం ఎలా

యూరో (ఐరోపా దేశాల ఫుట్‌బాల్ కప్పు), ఫుట్‌బాల్ ఆసియా కప్ నడిచే రోజుల్లో బెజవాడ డాబాల మీద గోల్‌కి అరిచే అరుపుల కంటే టేబుల్ మీద అరిచేవే ఎక్కువ. "నాలుగు పాయింట్లున్నోళ్లు ఇంటికెట్టా పోతారా?" అని ఒకడు, "మూడుతోనే పైకెళ్లారు కదా" అని ఇంకొకడు. ఇద్దరి మాటా నిజమే. ఐపీఎల్ నెట్ రన్ రేట్‌కి అలవాటు పడ్డ కళ్లు పాయింట్లు సమం కాగానే గోల్ తేడా మీదికి పోతాయి. తగువు అక్కడే మొదలు.

ఏలూరు రోడ్డులో ఏ స్టేషనరీ కొట్లోనైనా ఒక చార్ట్ షీట్ కొనండి. పొడవు మూడు భాగాలుగా, వెడల్పు రెండుగా మడిస్తే ఆరు గళ్లు, ఆరు గ్రూపులు. ఒక్కో గడిలో నాలుగు టీములు. నిలువు వరుసలు: ఆడినవి, గెలుపు, డ్రా, ఓటమి, కొట్టిన గోల్స్, పడ్డ గోల్స్, తేడా, పాయింట్లు. ఆరు మ్యాచ్‌ల స్కోర్లకు కింద రెండు వేళ్ల జాగా వదలండి. చాలామంది ఇది వదలరు. ముఖాముఖి లెక్క (పాయింట్లు సమమైన జట్ల మధ్య మ్యాచ్‌ల లెక్క) తీయాల్సి వచ్చినప్పుడు పాత స్కోర్ల కోసం ఫోన్ తడుముకుంటారు. పెన్సిలే వాడండి. జూన్ రాత్రి చెమట పట్టిన మణికట్టు తగిలితే స్కెచ్ పెన్ రాత మొత్తం అలుక్కుపోతుంది.

గ్రూప్ పూర్తవగానే రెండు సరిచూపులు. నాలుగు టీముల గోల్ తేడాలు కలిపితే సున్నా రావాలి. పాయింట్ల మొత్తం, 18 (ఆరు మ్యాచ్‌లకు మూడేసి) లోంచి డ్రాల సంఖ్య తీసేస్తే వచ్చేదానికి సమానం కావాలి; డ్రా అయితే మూడు కాదు, చెరొకటి చొప్పున రెండే కదా. 2024 యూరోలో సి గ్రూప్ చూడండి: ఇంగ్లండ్ 5, డెన్మార్క్ 3, స్లొవేనియా 3, సెర్బియా 2. మొత్తం 13. ఆరు మ్యాచ్‌ల్లో ఐదు డ్రాలు, 18 - 5 = 13. కుదరలేదంటే ఎక్కడో డ్రాకి ఒక జట్టుకే పాయింట్ వేసుంటారు. ఎక్కువగా జరిగే పొరపాటు అదే.

ఇప్పుడు అసలు చిక్కు. యూరోలో, ఆసియా కప్‌లో పాయింట్లు సమమైతే ముందు చూసేది ఆ జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌లే. రెండు జట్లయితే తేలిక, ఎవరు ఎవర్ని ఓడించారో చూస్తే సరి. మూడు జట్లు సమమైతే నాలుగో జట్టుతో ఆడిన మ్యాచ్‌లన్నీ పక్కన పెట్టి చిన్న టేబుల్ కట్టాలి. 2020 యూరో (ఆడింది 2021లో) బి గ్రూప్‌లో డెన్మార్క్, ఫిన్లాండ్, రష్యా మూడింటికీ మూడేసి పాయింట్లు. బెల్జియం మ్యాచ్‌లు కొట్టేయండి. మిగిలేవి: ఫిన్లాండ్ 1-0 డెన్మార్క్, రష్యా 1-0 ఫిన్లాండ్, డెన్మార్క్ 4-1 రష్యా. ఇక్కడా మూడేసి పాయింట్లే, కాబట్టి చిన్న టేబుల్లో తేడా చూడాలి: డెన్మార్క్ +2, ఫిన్లాండ్ 0, రష్యా -2. "ఫిన్లాండ్ డెన్మార్క్‌ని ఓడించింది కదా" అనే వాదన అందుకే నిలబడదు.

నాలుగూ సమమైతే చిన్న టేబులే పెద్ద టేబుల్. 2024 యూరోలో ఇ (E) గ్రూప్ మొత్తం నాలుగేసి పాయింట్లతో ముగిసింది. రొమేనియా, బెల్జియం +1, స్లొవాకియా 0, ఉక్రెయిన్ -2. నాలుగు పాయింట్లతో ఉక్రెయిన్ ఆఖరున మిగిలింది.

కోపా అమెరికా (దక్షిణ అమెరికా ఖండపు టోర్నీ) 2024లో మాత్రం గోల్ తేడాకే మొదటి చోటు. అందుకే చార్ట్ పైన టోర్నీ పేరు పక్కనే "ముఖాముఖి ముందు" అనో "తేడా ముందు" అనో పెద్దక్షరాలతో రాసిపెట్టండి.

మూడో స్థానాలకు విడిగా ఏడో టేబుల్ కావాలి. చార్ట్ వెనక్కి తిప్పండి. ఈ జట్లు ఒకదానితో ఒకటి ఆడలేదు, ముఖాముఖి మాటే లేదు: పాయింట్లు, తేడా, కొట్టిన గోల్స్, ఆ వరుస. ఆరుగురిలో నలుగురికి తర్వాతి రౌండ్‌లో చోటు. ఇక్కడ నాలుగు పాయింట్లుంటే నిశ్చింతగా ఉండొచ్చు. మూడుతోనే గుండె దడ. 2024 జనవరిలో ఆసియా కప్‌లో ఇండోనేషియా 3 పాయింట్లు, -3 తేడాతో ముందుకెళ్లింది. అదే ఏడు జూన్‌లో యూరోలో హంగరీకీ సరిగ్గా 3 పాయింట్లు, -3, ఇంటికెళ్లింది. ఆఖరి రాత్రి జార్జియా 2-0తో పోర్చుగల్‌ని ఓడించి నాలుగు పాయింట్లకు చేరి హంగరీని దాటేసింది. మీ జట్టు మూడో స్థానంలో ఉంటే మిగతా ఐదు గ్రూపులూ అయ్యేదాకా స్వీట్లు పంచకండి.

ఏ మూడో జట్టు ఎవరితో ఆడుతుందో బుర్రతో తేల్చబోకండి. ఆరులో నాలుగు ఎంచుకునే తీర్లు 15. వాటికి జోడీల పట్టిక నిబంధనల్లోనే ముందే ఉంటుంది. అది ప్రింట్ తీసి అంటించండి.

తేదీల దగ్గర ఒక్క జాగ్రత్త. 2024 యూరో జరిగిన జర్మనీలో రాత్రి 9 గంటల మ్యాచ్ మనకు అర్ధరాత్రి దాటాక 12:30కి. అక్కడ జూలై 14న జరిగిన ఫైనల్ ఇక్కడ 15వ తేదీ. చార్ట్ మీద మన తేదీయే వేయండి, లేకపోతే ఎవడో ఒకడు ఒక రాత్రి ముందే చిప్స్ ప్యాకెట్ పట్టుకుని డాబా ఎక్కుతాడు. ఆఖరి రౌండ్‌లో ఒక గ్రూప్‌లోని రెండు మ్యాచ్‌లూ ఒకేసారి మొదలవుతాయి. ఒకటి టీవీలో, ఒకటి ఫోన్లో పెట్టుకుంటే రెండు ప్రసారాలూ ఒకే క్షణంలో రావు, కొన్ని సెకన్ల తేడా ఉంటుంది. గోల్ పడగానే కాదు, వీఏఆర్ (వీడియో చూసి రిఫరీ చేసే సమీక్ష) తేలి ఆట మళ్లీ మొదలయ్యాకే పెన్సిల్ కదపండి.